మన చెరువుకిచ్చిన రాయితీని వాషింగ్టన్‌లో ఎవరు లెక్కపెడుతున్నారు?

(తెరపై: వనామి రొయ్యల చెరువు, తిరుగుతున్న ఏరియేటర్లు, గట్టు మీద కరెంటు మీటరు)

ఆక్వా రైతుకు యూనిట్ కరెంటు రూపాయిన్నరకే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాటను ఎన్నికల సభల్లో విన్నాం, పత్రికల్లో చదివాం. ఇలాంటి వార్తలను శ్రద్ధగా చదివి, కత్తిరించి, ఫైలులో పెట్టుకునే వాళ్లు వాషింగ్టన్‌లోనూ ఉన్నారు. అది వాళ్ల ఉద్యోగం.

అమెరికా వాణిజ్య శాఖలో ఇందుకోసమే ఒక విభాగం ఉంది. ఏ దేశం తన ఏ పరిశ్రమకు ఏ రూపంలో సాయం చేస్తోంది, ఆ సాయం వల్ల అమెరికా కంపెనీకి దెబ్బ తగులుతోందా అని నిరంతరం చూస్తూ ఉండడమే దాని పని. వాణిజ్య శాఖ, అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం కలిసి ఏటా దీని మీద కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. చట్టమే అలా చెబుతోంది.

నిజానికి ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యులైన దేశాలన్నీ తమ సబ్సిడీల జాబితాను తామే బయటపెట్టాలి. ఆచరణలో అది రెండేళ్లకోసారి జరగాల్సిన పని. చాలా దేశాలు ఆలస్యం చేస్తాయి, కొన్ని సగమే చెబుతాయి. మీరు చెప్పకపోతే మేమే చెబుతామంటూ 2011 అక్టోబరులో అమెరికా రెండు జాబితాలు తీసుకెళ్లి ప్రపంచ వాణిజ్య సంస్థ ముందు పెట్టింది. ఒకదానిలో చైనా చెప్పని పథకాలు దాదాపు 200. రెండోదానిలో భారత్ చెప్పని పథకాలు 50.

(తెరపై: మూడు ప్రశ్నలు ఒకదాని కింద ఒకటి)

మరి ప్రభుత్వం ఇచ్చే ప్రతి రూపాయీ సబ్సిడీయేనా? కాదు. మూడు ప్రశ్నలు అడుగుతారు. ప్రభుత్వం డబ్బు ఇచ్చిందా, లేదా తనకు రావాల్సినది వదులుకుందా? దానివల్ల కంపెనీకి లాభం కలిగిందా? ఆ లాభం అందరికీ కాక ఒక పరిశ్రమకో, కొందరికో, ఎగుమతి చేసేవారికో మాత్రమే అందిందా? మూడింటికీ అవునని తేలితే ఎంత శాతం లాభం కలిగిందో లెక్కగట్టి, అంతే శాతం సుంకం దిగుమతి మీద వేస్తారు. దాని పేరు కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ. పత్రికల్లో సీవీడీ అని రాస్తారు, మనమూ అలాగే అందాం.

ఇక రొయ్యల కథకు వద్దాం.

2023 అక్టోబరులో అమెరికా రొయ్యల ప్రాసెసర్ల సంఘం ఒక పిటిషన్ వేసింది. టెక్సస్, లూసియానా తీరాల్లో సముద్రంలోకి పడవలేసుకుని వెళ్లి రొయ్యలు పట్టేవారు, ఆ సరుకును శుద్ధి చేసేవారు దశాబ్దాలుగా దిగుమతులతో పోటీ పడుతున్నారు. అమెరికన్లు తినే రొయ్యల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా బయటి నుంచే వస్తాయి. అప్పటికి అందులో అగ్రస్థానం మనది. 2023-24లో భారత్ ఎగుమతి చేసిన ఘనీభవించిన రొయ్యలు 7,16,004 టన్నులు. ఒక్క అమెరికాకే 2,97,571 టన్నులు వెళ్లాయి. ఆ సరుకులో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెరిగినదే. (ఆ చెరువుల్లోని సీడుకు, అంటే రొయ్యపిల్లలకు, మూలమైన తల్లి రొయ్యలు చాలావరకు అమెరికా నుంచే వస్తాయన్న సంగతి ఆ పిటిషన్‌కు సంబంధం లేనిది. నాకు మాత్రం గుర్తుకు రాక మానదు.)

భారత్, ఈక్వెడార్, ఇండోనేసియా, వియత్నాం ప్రభుత్వాలు తమ రొయ్యల పరిశ్రమకు సబ్సిడీలు ఇస్తున్నాయన్నది ఆరోపణ. ఇలాంటి పిటిషన్ రాయడానికి గూఢచారులు అక్కర్లేదు. ప్రభుత్వ ఉత్తర్వులు, బడ్జెట్ పత్రాలు, ఎగుమతి పథకాల మార్గదర్శకాలు అన్నీ బహిరంగంగానే దొరుకుతాయి. మంత్రి వేదికెక్కి ఘనంగా చెప్పుకున్న మాట కూడా అక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. కరెంటు రాయితీ అందేది చెరువు రైతుకు. అమెరికాకు సరుకు పంపేది ప్రాసెసింగ్ ప్లాంటు. రైతుకిచ్చినది ప్లాంటు ఖాతాలో ఎలా రాస్తారు? దీనికీ అమెరికా చట్టంలో దారి ఉంది. ముడి పంటకు గిరాకీ అంతా శుద్ధి చేసే పరిశ్రమ మీదే ఆధారపడి ఉండి, ఆ శుద్ధిలో అదనంగా చేరే విలువ కొద్దిపాటిదే అయితే, పంటకిచ్చిన సాయాన్ని తయారైన సరుకుకిచ్చినట్టే పరిగణించవచ్చు. తల తీసి, ఒలిచి, గడ్డకట్టించిన రొయ్య దీనికి అచ్చంగా సరిపోయే ఉదాహరణ.

అసలు గొడవ మాత్రం కరెంటు దగ్గర కాదు, ఎగుమతి పథకాల దగ్గర.

(తెరపై: "డ్యూటీ డ్రాబ్యాక్", "రొడ్‌టెప్")

ఎగుమతిదారు సరుకు తయారీలో రకరకాల పన్నులు కడతాడు. డీజిల్ మీద పన్ను, కరెంటు సుంకం, ముడిసరుకు మీద కస్టమ్స్ సుంకం. వాటిని తిరిగి ఇచ్చేయడానికి మన దగ్గర డ్యూటీ డ్రాబ్యాక్ ఎప్పటినుంచో ఉంది. 2021 జనవరి నుంచి రొడ్‌టెప్ కూడా వచ్చింది. అంతకుముందున్న ఎంఈఐఎస్ పథకం నిషిద్ధ ఎగుమతి సబ్సిడీయేనని 2019 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ తేల్చడంతో దాని స్థానంలో తెచ్చిన పథకం ఇది. కట్టిన పన్నును వెనక్కివ్వడం సబ్సిడీ కాదని అంతర్జాతీయ నియమాలే అంటున్నాయి. మన వాదనా అదే.

అమెరికా వాదన వేరు. కట్టినంతే వెనక్కిచ్చారని రుజువేమిటి? ఫలానా కంపెనీ ఫలానా సరుకులో ఎంత ముడిసరుకు వాడింది, దానిమీద ఎంత పన్ను కట్టింది అని సరిచూసే పద్ధతి మీ దగ్గర ఉందా? మన పథకాల్లో రేటు సగటు మీద నిర్ణయమవుతుంది. కిలోకింత అనో, విలువలో ఇంత శాతమనో. ఆ సగటు వెనుక కంపెనీవారీ లెక్క చూపలేకపోతే, ఎక్కువిచ్చిన మేరకే కాదు, ఇచ్చిన మొత్తాన్నీ సబ్సిడీగా రాసేస్తారు. ఇది కఠినమే, కొంత అన్యాయం కూడా. అయినా ఏళ్ల తరబడి ఒకే అభ్యంతరం వినిపిస్తుంటే, ఆ లెక్క సిద్ధం చేసుకోని మన యంత్రాంగాన్నీ అడగాలి కదా.

కాగితం విలువ తెలియాలంటే వియత్నాం ఉదంతం చూడండి. దర్యాప్తుకు సహకరించి పత్రాలు చూపిన ఒక కంపెనీకి పడినది 3 శాతం లోపు. సహకరించని ఇంకో కంపెనీకి 200 శాతం పైమాటే. జవాబు ఇవ్వకపోతే, దొరికిన సమాచారంలో మనకు అత్యంత ప్రతికూలమైనదే తీసుకుంటారు. భారత్ నుంచి రెండు పెద్ద ఎగుమతి సంస్థలను ఎంచుకుని ప్రశ్నావళి పంపారు, మన ప్రభుత్వానికీ పంపారు. ఆ రెండింటి లెక్క ఆధారంగా మిగతా కంపెనీలన్నిటికీ తేలిన రేటు 5.77 శాతం. ఇండోనేసియా సబ్సిడీ కనీస పరిమితికి లోపే ఉండడంతో సీవీడీ తప్పించుకుని, యాంటీ డంపింగ్ సుంకంలో, అంటే న్యాయమైన ధర కంటే తక్కువకు అమ్మారని వేసే సుంకంలో, చిక్కింది.

కనీస పరిమితి అంటే గుర్తొచ్చింది. వర్ధమాన దేశాలకు 2 శాతం వరకు సబ్సిడీని లెక్కలోకి తీసుకోరు. 2020 ఫిబ్రవరిలో అమెరికా ఆ జాబితా నుంచి మనల్ని తీసేసింది. ప్రపంచ వాణిజ్యంలో మన వాటా, జీ20 సభ్యత్వం కారణాలుగా చూపింది. ఇప్పుడు మన పరిమితి 1 శాతమే.

అయితే సబ్సిడీ ఉందని తేలితేనే సరిపోదు. వాణిజ్య శాఖది సగం పనే. మిగతా సగం అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ అనే మరో అమెరికా ప్రభుత్వ సంస్థది. దేశీయ పరిశ్రమకు నిజంగా నష్టం జరిగిందా అన్నది అది తేల్చాలి. 2013లో ఇలాంటి కేసులోనే మన రొయ్యలకు 10 శాతం దాటిన సబ్సిడీ ఉందని వాణిజ్య శాఖ చెప్పినా, నష్టం రుజువు కాలేదని కమిషన్ ఓటు వేయడంతో సుంకం పడకుండానే కేసు ముగిసింది. 2024లో అదే కమిషన్ నష్టం ఉందంది. డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది.

(తెరపై: రేవులో దిగుతున్న రిఫ్రిజిరేటెడ్ కంటైనర్)

వసూలు తీరు కూడా విచిత్రమే. లక్ష డాలర్ల సరుకు దిగితే దిగుమతిదారు 5,770 డాలర్లు డిపాజిట్ కట్టాలి. అది తుది సుంకం కాదు. ఏటా ఒకసారి సమీక్ష కోరవచ్చు. అసలు రేటు తక్కువని తేలితే వడ్డీతో వెనక్కి వస్తుంది, ఎక్కువని తేలితే మిగతాది వడ్డీతో కట్టాలి. అంటే నేడు అమ్మిన సరుకు మీద ఎంత సుంకం పడిందో తెలిసేది ఎప్పటికో. ఆ అనిశ్చితికీ ఒక ధర ఉంటుంది. కొనేవాడు దాన్ని ఎగుమతిదారు మీదకు, ఎగుమతిదారు చెరువు దగ్గర 100 కౌంట్ (కిలోకు వంద తూగే రొయ్య) ధరలోకి నెట్టాలని చూస్తాడు.

మరి మనమూ ఇతరుల సబ్సిడీలను ఇలా చూస్తున్నామా? చూస్తున్నాం. ఢిల్లీలో వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీటీఆర్, 2018 నుంచి ఈ పని చేస్తోంది. అంతకుముందు వేరే పేరుతో ఉండేది. 2017 సెప్టెంబరులో చైనా స్టెయిన్‌లెస్ స్టీలు మీద మనం 18.95 శాతం సీవీడీ వేశాం. అయిదేళ్లకని వేసినది, లోహాల ధరలు మండిపోతున్నాయని 2021 బడ్జెట్‌లో ఆపి, 2022 బడ్జెట్‌లో పూర్తిగా తీసేశారు. మన దగ్గర డీజీటీఆర్ సిఫారసు మాత్రమే చేస్తుంది, నిర్ణయం ఆర్థిక శాఖది. గిన్నెలు తయారుచేసే చిన్న కార్ఖానాదారుకు చవక స్టీలు కావాలి, స్టీలు కంపెనీకి రక్షణ కావాలి. ఆ తూకం మంత్రిత్వ శాఖ వేస్తుంది. అమెరికాలో ఆ వెసులుబాటు లేదు. రెండు సంస్థలూ అవునంటే సుంకం వేయాల్సిందే. రొయ్యల పళ్లెం ధర పెరుగుతుందన్న మాట అక్కడ లెక్కలోకి రాదు.

చివరగా ఒక్క విషయం. 2025 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్ మన సరుకుల మీద వేసిన 50 శాతం సుంకాన్ని, ఈ సీవీడీని ఒకటిగా అనుకోకండి. ఒక సంతకంతో వచ్చిన సుంకం ఇంకో సంతకంతో మారవచ్చు, చర్చల్లో తగ్గవచ్చు. సీవీడీ ఉత్తర్వును మాత్రం అయిదేళ్లకోసారి సమీక్షిస్తారు, తీసేస్తే నష్టం మళ్లీ మొదలవుతుందనిపిస్తే కొనసాగిస్తారు. మన రొయ్యల మీద 2005లో వేసిన యాంటీ డంపింగ్ ఉత్తర్వు అలా సమీక్ష తర్వాత సమీక్ష దాటుకుంటూ రెండు దశాబ్దాలు నిలబడింది.