కథ కదలని ఆ గంట

సభకు నమస్కారం. ఫిల్మ్ సొసైటీ మిత్రులు ఫోను చేసి, "మీకు నచ్చిన సీక్వెల్ గురించి ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. 'అవతార్: ది వే ఆఫ్ వాటర్' అన్నాను. అవతల కాసేపు మౌనం. తర్వాత మెల్లగా, "అందులో కథ ఏముందండీ?" అని అడిగారు.

నిజమే, పెద్దగా లేదు. కథానాయకుడు జేక్ సల్లీ భార్యాబిడ్డలతో అడవి విడిచి, సముద్రతీరంలో బతికే తెగను ఆశ్రయిస్తాడు. శత్రువు వెతుక్కుంటూ వస్తాడు. యుద్ధం జరుగుతుంది. 192 నిమిషాల సినిమాను మూడు ముక్కల్లో చెప్పేశాను. ఆ శత్రువైనా కొత్తవాడా అంటే కాదు. 2009 నాటి మొదటి భాగంలో చచ్చిన కల్నల్ క్వారిచ్ జ్ఞాపకాలనే, కథ జరిగే పండోరా అనే లోకంలోని నావీ జాతి శరీరంలోకి ఎక్కించి లేపారు. పదమూడేళ్లు ఆగి, అంత డబ్బు పోసి, చచ్చినవాణ్నే మళ్లీ పట్టుకొస్తారా అని నేనూ విసుక్కున్నాను.

అది 2022 డిసెంబరు 16న విడుదలైంది. ఆ వారాంతంలోనే హైదరాబాదులో ఉదయం ఆటకు వెళ్లాను. త్రీడీలో, తెలుగులో. నాలాంటి సోడాబుడ్డి అద్దాలవాళ్లకు త్రీడీ అంటే కళ్లజోడు మీద కళ్లజోడు. అది జారుతూనే ఉంటుంది, మూడు గంటలూ ఒక వేలు దానికి కాపలా కాయాలి. పైగా ఒక్కో కంటికి ఒక్కో బొమ్మను విడదీసి పంపడం దాని పని కాబట్టి, తెర మీది వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది. అడవిలో నడిచిన ఆరంభమంతా ఆ అద్దాలను తిట్టుకుంటూ కూర్చున్నాను.

తర్వాత పిల్లలు నీళ్లలోకి దూకారు.

నేను గోదావరి రేవులో ఈత నేర్చుకున్నవాణ్ని. నీళ్లలో ఒళ్లు ఎలా తేలికపడుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నటులను తీగలకు వేలాడదీసి, కాళ్లూ చేతులూ ఆడించమని, ఆనక కంప్యూటర్లో నీళ్లు కలిపే పద్ధతి ఒకటుంది. ఆ శరీరాలు ఈదవు, వేలాడతాయి. ఇక్కడ సముద్ర తెగ పిల్ల త్సిరేయా నీటి అడుగున వెనక్కి తిరుగుతుంది. తల ముందు తిరుగుతుంది, జుట్టు ఒక క్షణం ఆలస్యంగా, బద్ధకంగా వెనకాల వస్తుంది. జడ విప్పుకుని రేవులో మునిగిన మా అక్క జుట్టు అచ్చం అలాగే ఉండేది.

దర్శకుడు జేమ్స్ కామెరాన్ నటులను నిజంగానే నీళ్లలో దించాడు. అందుకోసం కాలిఫోర్నియాలో సుమారు 34 లక్షల లీటర్లు పట్టే తొట్టి కట్టించారు. నటుల ఒంటి మీది గుర్తులను కెమెరాలు పసిగట్టి కదలికలను నమోదు చేస్తాయి. గాలి బుడగలు లేస్తే వాటినీ గుర్తులే అనుకుని తికమకపడతాయి. అందువల్ల సన్నివేశంలో గాలి సిలిండర్లు పనికిరావు, అందరూ ఊపిరి బిగపట్టడం నేర్చుకోవలసిందే. కేట్ విన్‌స్లెట్ శిక్షణలో ఏడు నిమిషాలకు పైగా బిగపట్టింది. డెబ్బైకి దగ్గరపడిన సిగర్నీ వీవర్ కూడా పద్నాలుగేళ్ల కిరి పాత్ర కోసం ఆ తొట్టిలో దిగింది. పైనున్న దీపాల వెలుగు లోపల చెదరకుండా నీటి మీదంతా చిన్న తెల్ల బంతులు పరిచారు. ఊపిరి కోసం పైకి వచ్చిన తల వాటిని తోసుకుని తేలేది. ఆ జుట్టు ఆలస్యంగా రావడం వెనక ఇంత తతంగం ఉంది.

ఇంకొకటి. సినిమాకు మాటలు వచ్చినప్పటి నుంచీ సెకనుకు 24 చిత్రాలు ఆనవాయితీ. ఇందులో నీటి దృశ్యాలకు 48 వాడారు. మాటల సన్నివేశాల్లో ఒక్కో చిత్రాన్నే రెండేసి సార్లు చూపించి 24 లాగే అనిపించారు. నీళ్లు తేటగా కనిపించాయి, తలనొప్పి రాలేదు. అయితే ఒకదాన్నుంచి ఒకదానికి మారినప్పుడల్లా తెర మీద ఏదో టీవీ సీరియల్ తగిలినట్టుండేది. ఆ కుదుపు నాకు చివరిదాకా అలవాటు కాలేదు.

తెలుగులో చూసినందుకు నష్టమేమీ కలగలేదు. నీటి అడుగున ఆ తెగవాళ్లు చేతి సైగలతోనే మాట్లాడుకుంటారు. డబ్బింగుకు అక్కడ పనే లేదు.

నేను మెచ్చేది నడుమ ఉన్న ఆ గంటనే. పిల్లలు ఊపిరి పట్టడం నేర్చుకుంటారు, ఈదుతారు. తనవాళ్లు వెలివేసిన పాయకాన్ అనే తిమింగలంలాంటి జీవితో జేక్ కొడుకు లోఆక్ స్నేహం చేస్తాడు. కథ అంగుళం కదలదు. హాలులో ఫోన్లు మిణుగురుల్లా వెలిగాయి. నా పక్క సీటు కుర్రవాడు స్నేహితుడితో, "ఇంకా ఎంతసేపురా ఈ ఈత?" అన్నాడు. యుద్ధం మొదలవగానే అతను ఫోను జేబులో పెట్టాడు, నేను గడియారం చూసుకోవడం మొదలుపెట్టాను. ఓడను ముంచడం కామెరాన్ 1997లోనే 'టైటానిక్'లో చేసి చూపించాడు కదా!

కొత్త చుట్టాల ఇంటికి మొదటిసారి వెళ్తే పరిచయాలతోనే పొద్దుపోతుంది. రెండోసారి వెళ్తే అరుగు మీద ఊరికే కూర్చోవచ్చు. మొదటి భాగానికి ఆ తీరిక లేదు. పండోరా ఏమిటో, నావీలు ఎవరో అన్నీ చెప్పుకుంటూ రావాలి. రెండో భాగానికి ఆ బరువు లేదు కనుకే ఒక గంటసేపు పిల్లలను ఈదనిచ్చింది. సీక్వెల్‌కు మాత్రమే దక్కే ఈ తీరికను చాలామంది మరింత పెద్ద పేలుళ్లకు ఖర్చు పెట్టేస్తారు. ఇతను కూడా చివర్లో ఆ పనే చేశాడనుకోండి.

ఇప్పుడు ఆ నడుమ భాగంలోంచి ఆరు నిమిషాలు వేస్తారు. ఈ తెర మీద త్రీడీ లేదు, 48 చిత్రాలూ లేవు. త్సిరేయా వెనక్కి తిరిగినప్పుడు జుట్టు చూడండి. తలుపు దగ్గర కూర్చున్నవారు ఆ పరదా కాస్త దగ్గరికి లాగండి, వెలుగు పడుతోంది.