తెర మీద ఆ కుండ

అందరికీ నమస్కారం.

చెడు వార్త వింటే “గుండె పగిలింది” అంటాం. మాటవరసకే అంటాం, నిజమే. కానీ ఆ మాటకు చాలా దగ్గరగా ఉండే జబ్బు ఒకటుంది. 1990లో జపాన్ వైద్యులు దానికి టాకోట్సుబో అని పేరు పెట్టారు. అంటే ఆక్టోపస్‌లను పట్టే కుండ. మెడ సన్నగా, అడుగు గుండ్రంగా ఉంటుంది.

గుండెకీ కుండకీ ఏం సంబంధం? ఒకావిడ ఆసుపత్రికి వచ్చారనుకోండి. అరవై దాటాయి, భర్త పోయి కొన్ని గంటలే అయింది. ఛాతీలో నొప్పి, ఆయాసం. ఈసీజీ చూస్తే గుండెపోటే. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కూడా పెరిగింది. యాంజియోగ్రామ్ చేస్తే మాత్రం గుండె రక్తనాళాల్లో నొప్పికి కారణమయ్యే అడ్డు ఎక్కడా లేదు. అప్పుడు ఎడమ జఠరికలోకి, అంటే గుండె కింది ఎడమ గదిలోకి, డై పంపి చూస్తారు. పైభాగం గట్టిగా పిండుతూ ఉంటుంది. కింది కొన మాత్రం కదలదు, బుడగలా ఉబ్బి ఉంటుంది. తెర మీద అచ్చం ఆ కుండే.

అడ్రినలిన్ లాంటి హార్మోన్లు ఒక్కసారిగా ముంచెత్తడంతో కండరం మొద్దుబారుతుందని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. రోగుల్లో పదింట తొమ్మిదిమంది దాకా స్త్రీలే, అందులోనూ ఎక్కువమంది నెలసరి ఆగిపోయినవారు. దుఃఖం ఒక్కటే కాదు, భయం, పెద్ద గొడవ, ఆపరేషన్ కూడా కారణం కావచ్చు. 2004లో జపాన్‌లోని నీగాటా భూకంపం తర్వాత ఆ ప్రాంతంలో ఈ కేసులు పెరిగాయి. పట్టరాని సంతోషంతో వచ్చినవీ కొన్ని ఉన్నాయి. అలాగని సర్‌ప్రైజ్ పార్టీలు మానేయకండి, అది చాలా అరుదు!

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. “నాళాలు బాగున్నాయి, అంతా టెన్షనేనమ్మా” అని తేల్చేయడం. కండరం నిజంగానే దెబ్బతింది. మొదటి రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, బీపీ పడిపోవచ్చు, ఉబ్బిన చోట రక్తం గడ్డకట్టవచ్చు. కొద్దిమంది చనిపోతారు కూడా. గండం గడిచాక చాలామందికి కొన్ని వారాల్లోనే ఎకో స్కాన్‌లో ఆ కొన మళ్లీ కదులుతూ కనిపిస్తుంది. కొందరికి తర్వాతెప్పుడో తిరగబెడుతుంది కూడా.

ఇది గుండెపోటా, టాకోట్సుబోనా అని ఇంట్లో ఎవరూ చెప్పలేరు. ఒక్క ఈసీజీ చేతికిస్తే నేనూ ఖాయంగా చెప్పలేను. అందుకే, ఏడుస్తున్న మనిషి ఛాతీ పట్టుకుంటే “దుఃఖం కదా, సర్దుకుంటుంది” అని నీళ్లిచ్చి కూర్చోబెట్టకండి. వెంటనే అంబులెన్స్ పిలవండి. ఏదన్నది ఆసుపత్రిలో తేలుతుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.