"నా పేరు నేనే చెప్పాను": అన్నెమరీ రెంగర్ పార్లమెంటు జీవితంపై స్టూడియో చర్చ

(చర్చా కార్యక్రమానికి లిఖిత రూపం. పాల్గొన్నవారు: చరిత్ర అధ్యాపకురాలు, మాజీ ఎమ్మెల్యే, జర్మనీ రాజకీయాల మీద పనిచేస్తున్న పరిశోధకుడు.)

యాంకర్: నమస్కారం. 1972 డిసెంబరు 13న పశ్చిమ జర్మనీ పార్లమెంటు, అంటే బుండెస్టాగ్, అన్నెమరీ రెంగర్‌ను తన అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. మన లెక్కలో స్పీకర్ అనుకోండి. బుండెస్టాగ్ మొదలయ్యాక ఆ కుర్చీలో అప్పటిదాకా మహిళలు ఎవరూ కూర్చోలేదు. ఆవిడ పార్టీ ఎస్‌పీడీ, అంటే సోషల్ డెమొక్రాట్ల నుంచి కూడా ఎవరూ కూర్చోలేదు. మేడమ్, మీతోనే మొదలుపెడదాం. ఆ పదవి ఆవిడకు ఎలా వచ్చింది?

అధ్యాపకురాలు: అడిగి తీసుకున్నారండి. ఆ ఏడాది నవంబరు ఎన్నికల్లో చాన్సలర్, అంటే మన ప్రధానమంత్రి లాంటి పదవిలో ఉన్న విల్లీ బ్రాంట్ నాయకత్వాన ఎస్‌పీడీకి 45.8 శాతం ఓట్లు వచ్చాయి. యుద్ధం తర్వాత మొదటిసారి సభలో అతి పెద్ద పక్షం అయింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం పెద్ద పక్షానికే సభాధ్యక్ష పదవి. మరి ఎవరిని పెట్టాలి? పార్టీలో సీనియర్ మగవాళ్లకు కొదవ లేదు. రెంగర్ లేచి తన పేరు తానే ప్రతిపాదించుకున్నారు. తర్వాత ఎవరో అడిగితే, "నేను చెప్పుకోకపోతే నన్ను తీసుకునేవాళ్లనుకున్నారా?" అన్నారు. ఆవిడ మొత్తం జీవితంలో నాకు బాగా నచ్చిన మాట అదే.

మాజీ ఎమ్మెల్యే: రాజకీయాల్లో ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో బయటివాళ్లకు తెలియదు మేడమ్. పదవి కోసం లోపల లోపల తిరిగేవాళ్లు వందమంది ఉంటారు. పది మంది ముందు "నాకు కావాలి" అన్నవాళ్లకు మాత్రం ఆశపోతు అని పేరొస్తుంది. అదే ఆడవాళ్లయితే ఆ పేరు ఇంకా త్వరగా వస్తుంది.

పరిశోధకుడు: సార్ చెప్పింది నిజమే. కానీ ఆవిడ ఎక్కడి నుంచో ఊడిపడలేదు. 1953 నుంచి సభ్యురాలు. 1969 నుంచి పార్లమెంటరీ పార్టీ వ్యవహారాలు నడిపే బాధ్యత చూశారు. ఏ బిల్లు ఎప్పుడు వస్తుంది, ఎవరు మాట్లాడాలి, ఓటింగ్ రోజు ఎవరు ఊళ్లో లేరు, ఇవన్నీ చూసుకునే పని. మన దగ్గర విప్ పనికి దగ్గరగా ఉంటుంది. ఎస్‌పీడీలో ఆ పని చేసిన మొదటి మహిళ ఆవిడే. 1972 ఏప్రిల్ 27న బ్రాంట్ మీద అవిశ్వాసం పెట్టిన రోజు గుర్తుకు తెచ్చుకోండి. ప్రతిపక్ష నాయకుడు బార్జెల్‌కు 249 ఓట్లు కావాలి, 247 వచ్చాయి. ప్రభుత్వం రెండు ఓట్ల తేడాతో బతికింది. తలలు లెక్కపెట్టే పనిలో ఉన్నవాళ్లకు ఆ వారం ఎంత టెన్షన్‌గా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు.

యాంకర్: కాస్త వెనక్కి వెళదాం. ఆవిడ రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

అధ్యాపకురాలు: పుట్టింది 1919లో, లైప్‌సిగ్‌లో. తండ్రి ఫ్రిట్జ్ విల్డుంగ్ కార్మికుల క్రీడా సంఘాల నాయకుడు, ఇల్లంతా ఎస్‌పీడీ. హిట్లర్ వచ్చాక 1934లో ఆ కారణంగానే ఆ పిల్ల హైస్కూలు చదువు ఆగిపోయింది. ప్రచురణ సంస్థలో పని నేర్చుకున్నారు, పెళ్లి చేసుకున్నారు, ఒక కొడుకు. యుద్ధంలో భర్త ఫ్రాన్స్‌లో చనిపోయారు. ముగ్గురు అన్నదమ్ములు కూడా పోయారు. 1945లో ఆవిడ వయసు ఇరవై అయిదు, చేతిలో చిన్న పిల్లాడు. ఉత్తర జర్మనీలో ఒక చిన్న ఊళ్లో, ఆసుపత్రి వంటగదిలో బంగాళాదుంపల తొక్క తీసే పని. అక్కడ ఉండగా ఒక పత్రికలో, యుద్ధం తర్వాత ఎస్‌పీడీని మళ్లీ నిలబెట్టిన నాయకుడు కుర్ట్ షూమాఖర్ ప్రసంగం చదివారు. మేం నిరాశపడం, జర్మనీని మళ్లీ నిలబెడతాం అనే ధోరణిలో ఉన్న ప్రసంగం. నేరుగా ఆయనకే ఉత్తరం రాశారు, మీ దగ్గర పని చేస్తానని.

యాంకర్: ఇక్కడ కూడా అడిగింది ఆవిడే.

అధ్యాపకురాలు: అవును. షూమాఖర్ అంటే మామూలు మనిషి కాదండి. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోయింది. నాజీల కాలంలో దాదాపు పదేళ్లు నిర్బంధ శిబిరాల్లో ఉన్నారు, ఎక్కువ కాలం డాకౌలో. 1948లో ఎడమ కాలు తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కడికి వెళ్లినా పక్కన రెంగర్ ఉండేవారు. ఆవిడ భుజం మీద బరువు వేసి ఆయన నడుస్తున్న ఫొటోలు ఆనాటి జర్మన్లందరికీ గుర్తే. వేదిక దాకా తీసుకెళ్లడం, ఉపన్యాసం టైప్ చేయడం, అపాయింట్‌మెంట్లు, ఇంటి సంగతులు అన్నీ ఆవిడే. పార్లమెంటు ఎలా నడుస్తుందో ఆవిడ నేర్చుకున్న బడి అది.

పరిశోధకుడు: ఒక్క రాత్రి గురించి చెప్పాలి. 1949 నవంబరు 24 రాత్రి, అప్పటి రాజధాని బాన్‌లో, సభలో చర్చ తెల్లవారుజాము దాకా సాగింది. మిత్రరాజ్యాలతో ఒప్పందం మీద చాన్సలర్ అడెనావర్ మాట్లాడుతుంటే షూమాఖర్ కూర్చున్న చోటు నుంచే "మిత్రరాజ్యాల చాన్సలర్!" అని అరిచారు. నువ్వు జర్మన్ల చాన్సలర్‌వి కాదు, గెలిచినవాళ్ల మనిషివి అని. సభ అట్టుడికింది. ఆయన్ని 20 సమావేశాలకు బహిష్కరించారు. కొన్ని రోజులకే రాజీ పడి దాన్ని ఎత్తేశారనుకోండి. ఆ నాయకుడి కార్యదర్శి, 23 ఏళ్ల తర్వాత, అలా అరిచేవాళ్లను అదుపులో పెట్టే కుర్చీలోకి వెళ్లింది. సభలో ఎక్కడ మాట జారుతుంది, ఎక్కడ దాకా జారనివ్వాలి అనేది ఆవిడకు పుస్తకం చదివితే వచ్చిన జ్ఞానం కాదు.

మాజీ ఎమ్మెల్యే: స్పీకర్ కుర్చీ గురించి నేనొకటి చెప్పాలి. నేను సభలో వెనక వరసలో కూర్చున్నవాణ్ణి. స్పీకర్ మొహం చూస్తే ఆ రోజు సభ ఎలా ఉంటుందో మాకు తెలిసిపోయేది. గంట మోగించడం అందరికీ వచ్చు. ఎప్పుడు మోగించకుండా ఊరుకోవాలో తెలియాలి. సొంత పార్టీవాడు తప్పు మాట అన్నప్పుడు మైకు కట్ చేయగలగాలి. రెంగర్ ఎదురుగా ఉన్నది ఎవరు? సొంత పార్టీ పక్ష నాయకుడు హెర్బర్ట్ వేనర్. ఆయన నోటికి ఎదురులేదు.

పరిశోధకుడు: ఆవిడ హయాంలోనే, 1975 మార్చిలో, వేనర్ మాట్లాడుతుండగా ప్రతిపక్షం లేచి బయటకు వెళ్లిపోయింది. "బయటకు వెళ్లినవాళ్లు మళ్లీ లోపలికి రావాల్సిందే" అన్నాడాయన. జర్మనీలో ఇప్పటికీ ఆ మాట వాడతారు. అంతకంటే పెద్ద తలనొప్పి 1973 సెప్టెంబరులో వచ్చింది. బుండెస్టాగ్ ప్రతినిధి బృందం సోవియట్ యూనియన్ వెళ్లింది, నాయకురాలు రెంగర్. బృందంలో వేనర్ కూడా ఉన్నాడు. బ్రాంట్ అప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఇక్కడ మాస్కోలో వేనర్ విలేకరుల ముందు సొంత చాన్సలర్‌నే ఎగతాళి చేశాడు. "ఆయనగారికి గోరువెచ్చటి నీళ్ల స్నానం ఇష్టం" అని, అంటే గట్టిగా నిలబడే మనిషి కాదని. దేశమంతా ఆ వార్తే. బృందం చేసిన పని ఎవరికీ పట్టలేదు. ఎనిమిది నెలలు తిరక్కుండా, తన దగ్గర పనిచేసే గియోమ్ తూర్పు జర్మనీ గూఢచారి అని బయటపడిన వ్యవహారంలో బ్రాంట్ రాజీనామా చేశాడు. 1974 మే 16న హెల్మూట్ ష్మిట్ చేత చాన్సలర్‌గా ప్రమాణం చేయించింది రెంగరే. అక్కడ చాన్సలర్ ప్రమాణం సభ ముందే జరుగుతుంది.

యాంకర్: అసలు విషయానికి వద్దాం. ఒక మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం వల్ల మహిళలకు ఏం ఒరిగింది?

మాజీ ఎమ్మెల్యే: నా అనుమానం కూడా అదే. నాకు తెలిసి ఆ సభలో మహిళల సంఖ్య చాలా తక్కువ.

అధ్యాపకురాలు: తక్కువ కాదు సార్, బుండెస్టాగ్ చరిత్రలోనే అన్నిటికంటే తక్కువ. 518 మందిలో 30 మంది, 5.8 శాతం. 1949 సభలో కూడా శాతం లెక్కన అంతకంటే ఎక్కువ ఉన్నారు. పైన అధ్యక్ష స్థానంలో మహిళ, కింద వరసల్లో ఆడ మొహాలు వెతుక్కోవాలి. అప్పటి వాతావరణం ఎలాంటిదో చెప్తాను. 1970లో రిచర్డ్ యేగర్ అనే ఉపాధ్యక్షుడు, ప్యాంటు వేసుకొచ్చిన మహిళను సభలోకి రానివ్వనన్నాడు. ఎస్‌పీడీ సభ్యురాలు లెనెలొట్టె ఫాన్ బోత్మర్ ప్యాంటు సూట్ వేసుకుని మరీ వచ్చారు. తర్వాత అదే వేషంలో వేదికెక్కి మాట్లాడారు. రెంగర్ ఎన్నికకు రెండేళ్ల ముందు సంగతి ఇది! అంటే ఆ కుర్చీలో ఆవిడ ప్రతి రోజూ పరీక్ష రాస్తున్నట్టే. గొంతు పెంచితే గయ్యాళి అంటారు, తగ్గిస్తే చేతకానిది అంటారు.

పరిశోధకుడు: కొత్త తరం మహిళా ఉద్యమానికి మాత్రం ఆవిడ దూరమే మేడమ్. ఎస్‌పీడీలో కుడివైపు వర్గం, కనాల్‌ఆర్బైటర్ అనేవాళ్లు, ఆవిడది ఆ గుంపు. వామపక్ష యువతకు ఆవిడంటే పడేది కాదు. 1970 నుంచి పార్టీ అధ్యక్షవర్గంలో ఉన్నారు, 1973 తర్వాత లేరు.

అధ్యాపకురాలు: ఆ కుడివైపు మొగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి కదా. 1946లో సోవియట్ ఆక్రమణ ప్రాంతంలో ఎస్‌పీడీని కమ్యూనిస్టు పార్టీలో బలవంతంగా కలిపేశారు. ఆ నెలల్లో ఆవిడ బెర్లిన్‌లో పార్టీ పని చూస్తున్నారు. కలవబోమన్నవాళ్లు జైలుకు వెళ్లడం దగ్గర నుంచి చూశారు. పుట్టిన ఊరు లైప్‌సిగ్ అవతలి వైపు, కమ్యూనిస్టుల తూర్పు జర్మనీలో ఉండిపోయింది. కమ్యూనిస్టుల విషయంలో ఆవిడ చివరిదాకా మెత్తబడకపోవడం నాకు అర్థమవుతుంది. ఇక మహిళలకు ఏం ఒరిగింది అన్నారు. ఆవిడ హయాంలో సభ ఆమోదించిన ఒక చట్టం చూడండి. 1976 కుటుంబ చట్ట సంస్కరణ. అప్పటిదాకా జర్మన్ పౌర స్మృతి ప్రకారం ఇంటి నిర్వహణ భార్య బాధ్యత. ఆవిడ ఉద్యోగం చేయవచ్చు, కానీ పెళ్లి, కుటుంబం అనే విధులకు అడ్డు రానంత వరకే. రాజ్యాంగంలో స్త్రీ పురుషులు సమానమని 1949లోనే రాసుకున్నారు. ఎలిజబెత్ జెల్బర్ట్ అనే ఎస్‌పీడీ లాయరు పట్టుబట్టి సాధించిన వాక్యం అది. ఆ వాక్యం వచ్చిన 27 ఏళ్లకు గానీ ఈ వాక్యం పోలేదు. 1977 జులై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దేశంలో ప్రొటోకాల్ ప్రకారం రెండో స్థానంలో ఉన్న వ్యక్తి ఒక మహిళ అయి ఉండగా, చట్టం మాత్రం ఉద్యోగానికి వెళ్లే భార్యను ముందు ఇల్లు చూసుకో అంటోంది.

మాజీ ఎమ్మెల్యే: కానీ ఆ చట్టం ప్రభుత్వం తెచ్చింది, స్పీకర్ కాదు కదా మేడమ్. ఆ క్రెడిట్ ఆవిడ ఖాతాలో వేయలేం.

అధ్యాపకురాలు: వేయడం లేదు. ఏ దేశంలో, ఏ రోజుల్లో ఆవిడ ఆ కుర్చీ అడిగారో చెప్తున్నాను. గర్భస్రావానికి వీలిచ్చే చట్టం కూడా అప్పుడే. 1974 ఏప్రిల్‌లో సభ 233కి 247 ఓట్లతో ఆమోదిస్తే మరుసటేడు రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. అంత వేడిగా ఉన్న సభను నడపడమే ఆవిడ పని. దిగిపోయేటప్పుడు ఆవిడ అన్నది చిన్న మాట: మహిళ ఈ పని చేయగలదని రుజువైంది, నేను అనుకున్నది సాధించాను అని. మన దగ్గర లోక్‌సభకు మొదటి మహిళా స్పీకర్‌గా మీరా కుమార్ గారు వచ్చింది 2009లో. ఆ రుజువు కోసం ప్రతి దేశం ఇంత కాలం తీసుకోవడమే నాకు బాధ.

యాంకర్: 1976లో ఆ పదవి పోయింది. తర్వాత?

పరిశోధకుడు: ఎన్నికల్లో క్రిస్టియన్ డెమొక్రాట్ల కూటమి పెద్ద పక్షం అయింది, కార్ల్ కార్స్టెన్స్ సభాధ్యక్షుడయ్యాడు. రెంగర్ ఉపాధ్యక్షురాలిగా కుర్చీ పక్కనే 1990 దాకా ఉండిపోయారు. చాలామంది అంత పెద్ద పదవి చేశాక కింది పదవి తీసుకోరు. 1979లో దేశాధ్యక్ష ఎన్నికలో ఎస్‌పీడీ ఆవిడను నిలబెట్టింది. ఎదురుగా మళ్లీ కార్స్టెన్స్. ఆయనకు 528 ఓట్లు, ఆవిడకు 431.

మాజీ ఎమ్మెల్యే: దీని మీదే నాకు కోపం. అటువైపు మెజారిటీ ఉందని అందరికీ ముందే తెలుసు. ఓడిపోయే సీటు వచ్చినప్పుడు పార్టీలకు ఆడవాళ్లు గుర్తొస్తారు. ఇది జర్మనీలోనే కాదు, టికెట్లు పంచే ప్రతి చోటా చూశాను. గెలిచే సీటు దగ్గరికి వచ్చేసరికి అభ్యర్థి మారిపోతాడు.

అధ్యాపకురాలు: ఒప్పుకుంటాను. కానీ ఆవిడ తెలిసే నిలబడ్డారు.

మాజీ ఎమ్మెల్యే: తెలిసే నిలబడడం ఆవిడ గొప్పతనం. నిలబెట్టడం పార్టీ గొప్పతనం కాదు. 1972లో ఆవిడ పేరు ఆవిడే చెప్పుకోవాల్సి వచ్చింది. 1979లో మాత్రం అడగకుండానే పార్టీకి గుర్తొచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

యాంకర్: ఆవిడ తర్వాత ఆ కుర్చీ ఎంతమంది మహిళలకు దక్కింది?

పరిశోధకుడు: 1988లో రీటా జూస్‌ముట్, 2021లో బేర్బెల్ బాస్, 2025లో యూలియా క్లోక్నర్. వీళ్లలో ఎస్‌పీడీ మనిషి బాస్ ఒక్కరే. అంటే రెంగర్ దిగిపోయాక ఎస్‌పీడీ ఇంకో మహిళను అక్కడ కూర్చోబెట్టడానికి 45 ఏళ్లు పట్టింది. ఇప్పుడు సభలో మహిళలు మూడో వంతుకు కాస్త తక్కువే. 2021తో పోలిస్తే 2025లో ఆ వాటా తగ్గింది కూడా.

అధ్యాపకురాలు: పార్టీలో మహిళలకు 40 శాతం కోటా అనే నిర్ణయం ఎస్‌పీడీ 1988లో తీసుకుంది. అది వచ్చాక సంఖ్య బాగా కదిలింది. ఒక్క మనిషి ధైర్యం మీద ఆధారపడితే ఒక్క మనిషే పైకి వస్తుంది, నియమం పెడితే వరస కదులుతుంది. ఈ విషయంలో నేను సార్ వైపే. అయితే కోటా కోసం కొట్లాడిన వాళ్లకు "మహిళలకు ఆ సమర్థత ఎక్కడిది" అన్న ప్రశ్న ఎదురు కాలేదంటే, దానికి జవాబు 1972 నుంచి 1976 దాకా టీవీలో దేశమంతా చూసేసింది కాబట్టే.

యాంకర్: సభ నుంచి ఆవిడ ఎప్పుడు తప్పుకున్నారు?

అధ్యాపకురాలు: 1990లో, 37 ఏళ్ల తర్వాత. ఆ అక్టోబరులో రెండు జర్మనీలు కలిశాయి, డిసెంబరులో ఎన్నికలు. లైప్‌సిగ్ నుంచి కూడా సభ్యులు ఎన్నికై వచ్చిన మొదటి సాధారణ ఎన్నిక అది. 1990 డిసెంబరు 20న బెర్లిన్‌లో, పాత రైష్‌టాగ్ భవనంలో కొత్త సభ కూర్చుంది. వయసులో పెద్దవాడిగా తొలి సమావేశం ప్రారంభించింది విల్లీ బ్రాంట్. రెంగర్ ఆ సభలో సభ్యురాలు కాదు. 2008 మార్చిలో, బాన్‌కు కాస్త దూరంలో, రైన్ ఒడ్డున ఉన్న ఇంట్లో చనిపోయారు.

యాంకర్: ముగ్గురికీ కృతజ్ఞతలు. వచ్చే వారం ఇదే సమయానికి కలుద్దాం.