ఆంప్లిఫయర్ కూలింగ్ ఫ్యాన్ కిట్ రివ్యూ: ఫ్యాన్లు సూపర్, ఆ సెన్సార్ వైర్ మాత్రం...

హాయ్ అండీ అందరికీ. ఇదిగో నా చేతిలో ఉన్నది కార్ ఆంప్‌కి పెట్టుకునే ఫ్యాన్ కిట్, కంపెనీ వాళ్ళే ఫ్రీగా పంపించారు, డబ్బులేం తీసుకోలేదు, వీడియో కూడా ముందు వాళ్ళకి చూపించలేదు. స్పెక్స్ మీరు ఈపాటికి ఎక్కడో చూసేసుంటారు, రెండు 80 ఎంఎం ఫ్యాన్లు, ఒక బ్రాకెట్, రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని ఆన్ చేసే స్విచ్), టెంపరేచర్ స్విచ్, అంతే. నాకు మాట్లాడాలనుంది ఆ స్విచ్ గురించే.

అంతకంటే ముందు నాకిది ఎందుకు కావాల్సొచ్చిందో చెప్తా. నాది ఫోర్ ఛానల్, క్లాస్ ఏబీ అనే రకం ఆంప్, డిక్కీలో కార్పెట్ ప్యానెల్ వెనకాల బిగించా. ఎండలో రెండు గంటలు నిలబడిన కారు తీసి పాటలు పెడితే 20 నిమిషాలకి సౌండ్ టక్కున ఆగిపోయేది, ప్రొటెక్ట్ లైట్ ఎర్రగా వెలిగేది, పది నిమిషాలు ఆగితే మళ్ళీ ఏమీ జరగనట్టు పాడేది. నేను వైరింగ్ అనుకున్నా. గ్రౌండ్ పాయింట్ దగ్గర పెయింట్ మళ్ళీ గీకి బిగించా, ఫ్యూజ్ మార్చా, స్పీకర్ వైర్లు ఒక్కోటీ చెక్ చేశా, చివరికి హీట్‌సింక్ (ఆంప్ వేడిని బయటికి లాగే లోహపు ఒళ్ళు) మీద చెయ్యి పెడితే మూడు సెకన్లు కూడా ఉంచలేకపోయా, అప్పుడు అర్థమైంది సంగతి. క్లాస్ ఏబీలో లోపలికెళ్ళే పవర్‌లో దాదాపు సగం వేడిగానే పోతుందండీ, పైగా ఫుల్ వాల్యూమ్‌లో కంటే మధ్యస్థంగా మోగేటప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది. చాలా ఆంప్‌లు 80, 85 డిగ్రీల దగ్గర తమంతట తామే కట్ అయిపోతాయి, అది కాపాడుకోవడమే, రిపేర్ కాదు.

దీనికి ముందు నేను ఒక మామూలు కంప్యూటర్ ఫ్యాన్ తెచ్చి నేరుగా రిమోట్ వైర్‌కే కలిపేశా. అలా చెయ్యకండి, ఆ వైర్ ఆంప్‌కి ఆన్ అవ్వమని చెప్పడానికే, ఫ్యాన్లు తిప్పేంత కరెంట్ దాంట్లోంచి లాగితే హెడ్ యూనిట్‌కే, అంటే డ్యాష్‌బోర్డులో ఉన్న స్టీరియోకే దెబ్బ. రిలే మధ్యలో ఉండాలి, ఈ కిట్‌లో ఇచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. పైగా ఆ పాత ఫ్యాన్‌కి స్విచ్ లేదు, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు కూడా గుయ్యిమంటూ తిరుగుతూనే ఉండేది, ఆర్నెల్లకి విప్పి చూస్తే హీట్‌సింక్ ఫిన్‌ల (పలకల్లాంటి రెక్కల) మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది, అసలు గాలి వెళ్ళే దారే లేదు.

సరే, ఇప్పుడు స్విచ్. 45 డిగ్రీలకి ఆన్ అవుతుంది, లోపల రెండు లోహాల పలక వంగి క్లిక్‌మంటుంది. ఐడియా బాగుంది, కానీ దాన్ని ఎక్కడ పెట్టారో చూడండి, బ్రాకెట్ మధ్యలో, గాల్లో, ఫ్యాన్ ఎదురుగా! ఎండలో ఉన్న డిక్కీలో గాలే 45 దాటిపోతుంది కదా, అంటే ఆంప్ ఇంకా పని మొదలెట్టకముందే ఫ్యాన్లు తిరిగేస్తాయి. అదే రాత్రి పూట ఫ్యాన్ గాలికి సెన్సార్ చల్లబడిపోతుంది, పక్కనే హీట్‌సింక్ కాలిపోతున్నా ఫ్యాన్ ఆగిపోతుంది. సెన్సార్ కొలవాల్సింది లోహాన్నండీ, గాలిని కాదు. తీసి హీట్‌సింక్‌కి అంటిద్దామంటే ఇచ్చిన వైర్ జానెడు! నాకు ఇక్కడే ఒళ్ళు మండింది. వైర్ కోసి, అర మీటర్ కలిపి, సోల్డర్ చేసి, ఎక్కువ వేడెక్కే పవర్ ట్రాన్సిస్టర్లు బిగించిన వైపు ఫిన్ మొదట్లో, వేడిని బాగా అందించే థర్మల్ పేస్ట్ కొంచెం రాసి క్లిప్ పెట్టా. అప్పుడు దారికొచ్చింది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఫ్యాన్ గాలిని కదుపుతుంది, చల్లబరచదు. ప్యానెల్ మూసేసి ఉంటే అదే వేడిగాలి లోపలే గిరగిరా తిరుగుతుంది. నా మీటర్‌లో ఫ్యాన్ లేకుండా 20 నిమిషాలకి హీట్‌సింక్ 78, ఫ్యాన్లు పెట్టి ప్యానెల్ మూస్తే 71, ప్యానెల్ కింద, పైన రెండు వేళ్ళ వెడల్పు సందు కోస్తే 60. చూశారా, ఆ సందు ఫ్యాన్ల కంటే ఎక్కువ పని చేసింది. గాలి ఫిన్‌ల పొడవునా పోవాలి, అడ్డంగా కాదు, ఆంప్‌ని తలకిందులుగా మాత్రం బిగించకండి, ఫిన్‌ల వేడి మళ్ళీ దాని మీదకే ఎక్కుతుంది. గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) అనవసరంగా పెంచినా, ఆంప్ ఒప్పుకోని 2 ఓమ్ లోడ్ (అంత తక్కువ నిరోధం ఉన్న స్పీకర్లు) పెట్టినా ఏ ఫ్యాన్ కూడా కాపాడలేదు.

ఇంత వేడి గోల ఎందుకంటే, లోపలున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి (కరెంట్‌ని కాసేపు దాచుకునే భాగాలకి) వేడి పెరిగే ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సుమారు సగం పడిపోతుంది. ఆంప్ ఆగిపోకపోయినా లోపల్లోపల ముసలిదైపోతుందన్నమాట.

కొనాలా? మీది క్లాస్ డి ఆంప్ అయ్యి, గాలి ఆడే చోట ఉంటే అక్కర్లేదు, అది పవర్‌లో 80 శాతం పైనే స్పీకర్లకి పంపిస్తుంది, వేడిగా పోయేది తక్కువ. ఏబీ అయ్యి ప్యానెల్ వెనకాల ఉంటే, సోల్డరింగ్ వచ్చినవాళ్ళు ధైర్యంగా తీసుకోండి, నా కారులోంచి మాత్రం దీన్ని తియ్యను, రాని వాళ్ళు మాత్రం కంపెనీ వాళ్ళు పొడుగు వైర్ ఇచ్చేదాకా ఆగండి. ఇప్పుడు హీట్‌సింక్ 44 దగ్గరుంది, మైక్ దగ్గరకి తెస్తున్నా, కొంచెం సేపు మాట్లాడను, వినండి... ఇదిగో, క్లిక్. తిరిగింది.