రబ్బరు దొరక్క మూలనపడ్డ మెషీన్: విజయవాడ రిపేరు షాపులో ఒక సాయంత్రం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈ ఎపిసోడ్ విజయవాడలో, ఒక రిపేరు షాపులోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. అందుకే వెనకాల ఆటోల చప్పుడు, షాపుకి వచ్చేవాళ్ల మాటలు వినిపిస్తుంటాయి, వాటిని కట్ చేయడం లేదు. నా ఎదురుగా ఉన్నది మా బాబాయ్. అంటే సొంత బాబాయ్ కాదు, మా నాన్నగారి స్నేహితుడు. నేను స్కూల్లో ఉన్నప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోతే వచ్చి బాగుచేశారు, అప్పటినుంచి మా ఇంట్లో ఏ మిషను మొరాయించినా ఆయనే. బాబాయ్, పేరు చెప్పొద్దన్నారు కదా మీరు.

బాబాయ్: పేరెందుకమ్మా. విషయం మాట్లాడదాం.

హోస్ట్: సరే, అయితే మా అమ్మ వాషింగ్ మెషీన్‌తోనే మొదలుపెడతాను, ఈ ఎపిసోడ్ చేయాలని నాకు అనిపించిందే దానివల్ల. 2019లో 27,500 పెట్టి ఫ్రంట్ లోడ్ కొన్నాం. మొన్న వేసవిలో తలుపు దగ్గర నీళ్లు కారడం మొదలైంది. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి వచ్చి చూశాడు, చూసినందుకు 500, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 590. డోర్ రబ్బరు చిరిగింది, మార్చాలి అన్నాడు. సరే మార్చు బాబూ అంటే, ఈ మోడల్ ఆగిపోయింది మేడం, సామాను రావట్లేదు, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేస్తే 3,000 వస్తుంది, కొత్తది తీసుకోండి అన్నాడు. మోటార్ బాగుంది, డ్రమ్ బాగుంది, మెషీన్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డు బాగుంది. ఒక్క రబ్బరు. అమ్మ నాలుగు నెలలు తలుపు కింద పాత తువ్వాలు పరిచి బట్టలు ఉతికింది, నీళ్లు ఎక్కువయ్యాక ఇక ఆపేసింది.

బాబాయ్: ఫ్రంట్ లోడ్ కొన్నాక ఎప్పుడో ఒకప్పుడు మార్చక తప్పని సామాను ఏదన్నా ఉందంటే అది డోర్ రబ్బరే. మడతల్లో నీళ్లు నిలబడి నల్లగా బూజు పడుతుంది, జేబులో మర్చిపోయిన చిల్లర, పిన్నీసు, జాకెట్టు హుక్కు, ఏదో ఒకటి దాన్ని కోసేస్తుంది. తయారుచేసేవాడికి ఇది తెలియక కాదు. అరిగిపోయేదే అని తెలిసిన సామాను ఆరో ఏటికే దొరక్కుండా పోయిందంటే నాకు కోపం వస్తుందమ్మా, నిజంగా.

హోస్ట్: బయట లోకల్ రబ్బరు దొరకదా?

బాబాయ్: బాగా అమ్ముడైన మోడళ్లకి దొరుకుతుంది. గవర్నర్‌పేటలో నేను కొనే కొట్టులో గోడ నిండా వేలాడుతుంటాయి. కానీ మీ అమ్మ మెషీన్‌ది వేరే కొలత. దగ్గర్లో ఉన్నది తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే పది ఉతుకులకి మళ్లీ కారుతుంది, మళ్లీ నన్నే పిలుస్తారు, చెడ్డపేరు నాకు. అందుకే వేయనన్నాను.

హోస్ట్: అసలు కంపెనీ సామాను మీకెందుకు అమ్మరు? మీరు డబ్బులు కట్టి కొంటానంటున్నారు కదా.

బాబాయ్: కొందరు అమ్ముతారు, అందరూ అని నేననను. కానీ చాలా చోట్ల ఏంటంటే, కంప్లైంట్ నంబరు ఉంటేనే సామాను బయటికొస్తుంది, వాళ్ల మనిషి వచ్చి బిగిస్తేనే ఇస్తారు, నా చేతికివ్వరు. పోనీ ధరెంతో చెప్పండి అంటే, టెక్నీషియన్ వచ్చి చూశాక చెప్తాం అంటారు. ధర తెలుసుకోడానికి కూడా ఆ 590 కట్టాలన్నమాట. మోటార్ సైకిల్‌కి క్లచ్ వైరు ఎంతని ఏ కొట్టులో అడిగినా టక్కున చెప్తాడు. వాషింగ్ మెషీన్ పంపు ఎంతంటే చెప్పడానికేం?

హోస్ట్: పంపు అంటే డ్రెయిన్ పంపేనా?

బాబాయ్: ఆఁ, మురికినీళ్లు బయటికి తోసేది. మొన్న ఒకాయన బిల్లు తెచ్చి చూపించాడు, పంపు 1,850, విజిటింగ్, లేబర్ కలిపి 2,900 చిల్లర అయింది. అదే పని చేసే పంపు నాకు కొట్టులో 550కి వస్తుంది. నాణ్యతలో తేడా ఉంటుంది, కాదనను, కానీ అంత తేడా ఉండదు. ఇంకోటి, లోపల ఫ్యాను రెక్క ఒక్కటి విరిగినా మొత్తం సెట్టే కొనాలి. ఒకప్పుడు విడిగా దొరికేవి ఇప్పుడు సెట్లుగానే వస్తున్నాయి. కొన్ని ఫ్రంట్ లోడ్లలో డ్రమ్ము బయట ఉండే టబ్బు రెండు ముక్కల్నీ కరిగించి అతికించేస్తున్నారు. బోల్టులుంటే విప్పి రెండు బేరింగులు, ఒక సీల్ మార్చి మళ్లీ బిగించేవాళ్లం. ఇప్పుడు బేరింగ్ పోతే టబ్బు మొత్తం మార్చమంటారు. ఆ ధర విన్నాక ఎవరు చేయించుకుంటారు చెప్పు?

హోస్ట్: ఇక బోర్డుల సంగతికొద్దాం, దానిమీద మీరు ఫోన్‌లో గంటసేపు మాట్లాడారు.

బాబాయ్: బోర్డు దగ్గరే అసలు దోపిడీ జరుగుతోంది. ఇటు రా, ఇది చూడు. ఇన్వర్టర్ ఫ్రిజ్, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునేది, దాని బోర్డు. కరెంటు ఒక్కసారి ఎక్కువొచ్చి వెళ్లింది, ఫ్రిజ్ చచ్చిపోయింది. కంపెనీవాళ్లు బోర్డు మార్చాలి, 7,400 అన్నారు. ఇక్కడ పగిలిపోయిన గుండ్రటి బిళ్ల కనిపిస్తోందా? దీన్ని వేరిస్టర్ అంటారు. కరెంటు ఎక్కువొస్తే తాను పోయి మిగతా బోర్డుని కాపాడుతుంది, దాని పనే అది. దాని పక్కన ఫ్యూజు. రెండూ కలిపి ముప్పై రూపాయలు కూడా ఉండవు. మార్చాను, ఫ్రిజ్ నడుస్తోంది, నేను 700 తీసుకున్నాను. ప్రతి బోర్డూ ఇలా బాగవుతుందని చెప్పను, లోపల ప్రాసెసర్ పోతే నేనూ ఏమీ చేయలేను. కానీ ఏది పోయిందో చూడకుండానే బోర్డు మొత్తం పారేయమంటున్నారు, నాకు బాధ అక్కడ.

హోస్ట్: మరి ఆ జిగురు పోసిన బోర్డులు?

బాబాయ్: అవి చాలా కష్టం. బోర్డు మీద మందంగా జిగురు పోసేస్తారు, గట్టిపడ్డాక లోపల ఏముందో కనపడదు. వాళ్లవైపు కూడా చెప్పాలి, అది ఊరికే పోయరు, చెమ్మ తగలకుండా కాపాడుతుంది. మన దగ్గర ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌లోకి బల్లి దూరి బోర్డు మీద పడి షార్ట్ అయిన కేసులు ప్రతి వేసవిలో నాకు నాలుగైదు వస్తాయి. జిగురు ఉంటే ఆ బోర్డు బతుకుతుంది. కానీ పోయిన రోజున మాత్రం దాన్ని ఎవరూ ముట్టుకోలేరు. వేడిగాలి పెట్టి కొంచెం కొంచెం గీరి తీయాలి, ఒక పూట పడుతుంది, తీసేటప్పుడు నాలుగు పార్టులు ఊడొచ్చేస్తాయి.

హోస్ట్: వారంటీ స్టిక్కర్ల గురించి కూడా చెప్పండి. తలుపు మీద పెద్దగా పదేళ్లు అని ఉంటుంది.

బాబాయ్: కింద చిన్న అక్షరాలు చదవాలి తల్లీ. పదేళ్లు చాలావాటిలో కంప్రెసర్‌కే, లేదంటే మోటార్‌కే. అవి అంత త్వరగా పోవు. పోయేది బోర్డు, దానికి చాలా మోడళ్లలో ఏడాదే. ఒకవేళ కంప్రెసరే పోయినా, కంప్రెసర్ ఉచితం, గ్యాస్ నింపడానికి, మార్చడానికి, రవాణాకి డబ్బులు మామూలే. ఇంట్లో వాళ్లేమో పదేళ్లు నిశ్చింత అనుకుని కొంటారు.

హోస్ట్: నన్ను బాగా కదిలించిన విషయం బుడమేరు వరద తర్వాత మీరు చేసిన పని. బయటివాళ్ల కోసం చెప్తున్నాను, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలన్నీ మునిగిపోయాయి, కొన్ని ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు కదల్లేదు. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం 25,000 సాయం ప్రకటించింది. కానీ ఒక్కో ఇంట్లో ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్, గ్రైండర్, మోటార్, అన్నీ మునిగాయి.

బాబాయ్: ఆ నెలన్నర నేను ఇంటికి నిద్రకి మాత్రమే వెళ్లాను. వీధిలో ఎక్కడ చూసినా ఫ్రిజ్‌లే, బురద పట్టి వెల్లకిలా పడున్నాయి. అప్పుడు కళ్లారా చూసిందొకటి చెప్తాను. పాత సెమీ ఆటోమేటిక్ మెషీన్లున్నాయి చూశావా, ఉతకడానికొక తొట్టి, పిండడానికొక తొట్టి, రెండు టైమర్లు, రెండు మోటార్లు, ఇంకేమీ ఉండదు. వాటిని మంచినీళ్లతో కడిగి, మోటార్లు విప్పి మూడు రోజులు ఎండలో పెట్టి, కెపాసిటర్లు మార్చి, టైమర్లు పాడైనవాటికి కొత్తవి వేసి ఇచ్చేశాను. ఏ కంపెనీదైనా టైమర్ దాదాపు ఒకేలా ఉంటుంది, కొట్టులో దొరుకుతుంది. మోటార్ మరీ పాడైతే వైండింగ్ కట్టించాం. పాత డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లూ, అంటే లోపల ఫ్యాను లేనివి, అంతే, కంప్రెసర్ సీల్ చేసి ఉంటుంది కాబట్టి నీళ్లు లోపలికి పోవు, కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే, అది వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్, చల్లదనం చూసుకునే థర్మోస్టాట్ మార్చి, తలుపు రబ్బరు కడిగితే చాలావరకు లేచి కూర్చున్నాయి.

హోస్ట్: కొత్తవి?

బాబాయ్: కొత్తవి, ఎక్కువ డబ్బు పోసి కొన్నవి, అవే పోయాయి. బోర్డు బురదలో నాని రాగి గీతలు పచ్చగా తుప్పు పట్టిపోయాయి. బోర్డు కావాలంటే ఊరంతటికీ ఒకేసారి కావాలి, స్టాకు లేదు. ఒకావిడ, టైలరింగ్ చేసుకుంటుంది, వాయిదాల్లో కొన్న ఫుల్లీ ఆటోమేటిక్, ఇంకా ఐదు వాయిదాలు ఉన్నాయి. రెండు నెలలు ఆగింది బోర్డు కోసం. రాలేదు. చివరికి కిలోల లెక్కన పాత సామాన్ల అతనికి వేసింది. ఆ మెషీన్‌కి ఆవిడ ఇంకా వాయిదాలు కడుతూనే ఉందమ్మా. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

హోస్ట్: …

బాబాయ్: పక్కింట్లో పదిహేనేళ్ల నాటి సెమీ తిరుగుతోంది. ఈవిడ కొత్తది తుక్కులో పోయింది. నేను పనిలోకొచ్చినప్పుడు ఇలా ఉండేది కాదు. కొత్తది అంటే ఎక్కువ కాలం వస్తుందనే నమ్మకం ఉండేది.

హోస్ట్: నేనిక్కడ చట్టం సంగతి కొంచెం చెప్తాను. యూరప్‌లో 2021 మార్చి నుంచి రూలుంది. వాషింగ్ మెషీన్ ఒక మోడల్ అమ్మడం ఆపేసిన తర్వాత కూడా ముఖ్యమైన విడిభాగాలు పదేళ్లు దొరికేలా చూడాలి, ఫ్రిజ్‌లకి ఏడేళ్లు, ఫ్రిజ్ తలుపు రబ్బరుకి పదేళ్లు. ఆర్డర్ చేస్తే 15 పనిదినాల్లో అందాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువుని బాగుచేయించుకునే హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న దానికోసం ఒక పోర్టల్, అంటే వెబ్‌సైట్ తెచ్చింది. అందులో కొన్ని కంపెనీలు సర్వీసు, విడిభాగాల వివరాలు పెట్టాయి. 2025 మేలో ఇంకో కమిటీ, ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు ఎంత తేలిగ్గా బాగుచేయవచ్చో మార్కులు ఇచ్చే పద్ధతి మీద రిపోర్టు ఇచ్చింది. ఫ్రాన్స్‌లో అలాంటి మార్కు 2021 జనవరి నుంచి షాపులో వస్తువు ధర పక్కనే కనిపిస్తుంది. మనకి అది ఇంకా రాలేదు. నేను ఆ పోర్టల్లో మా అమ్మ మెషీన్ కోసం వెతికాను. కస్టమర్ కేర్ నంబరు దొరికింది, రబ్బరు ధర దొరకలేదు.

బాబాయ్: మార్కులు తర్వాత సంగతి. ముందు ధరల పట్టిక పెట్టమనండి. ఈ మోడల్, ఈ బోర్డు ఇంత, ఈ పంపు ఇంత, ఇన్నేళ్లు దొరుకుతుంది అని. సగం గొడవ అక్కడే తీరుతుంది.

హోస్ట్: కంపెనీలు చెప్పేది, బయటివాళ్లు బాగుచేస్తే ప్రమాదమని. దానికేమంటారు?

బాబాయ్: అందులో కొంత నిజం ఉంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఆర్600ఏ గ్యాస్ వస్తోంది, అది మన వంటగ్యాస్ జాతిదే, మంట అంటుకుంటుంది. తెలియనివాడు లోపల గ్యాస్ ఉండగానే టార్చి పెట్టి పైపు అతికించబోతే ప్రాణం మీదికొస్తుంది. డూప్లికేట్ రిలే వేసి కంప్రెసర్లు కాల్చినవాళ్లనీ చూశాను. అయితే నాకు నేర్పండి, మాన్యువల్ ఇవ్వండి, అసలు సామాను సరైన ధరకి అమ్మండి. అసలుది మాకు అందకుండా చేసి, మీరు డూప్లికేట్ వేస్తున్నారని మమ్మల్నే అంటే ఎలా? ఇప్పుడు ఈ పనికి కుర్రాళ్లు రావట్లేదు. నా దగ్గర ముగ్గురు నేర్చుకునేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు, ఇప్పుడు ఒక్కడున్నాడు. బాబాయ్, పని వచ్చినా సామాను రాకపోతే ఏం చేస్తాం అంటాడు. వాడికేం చెప్పను?

హోస్ట్: వినేవాళ్లు ఇప్పుడు కొత్త మెషీన్ కొనబోతుంటే ఏం చేయాలి? మీ అనుభవంతో చెప్పండి.

బాబాయ్: షోరూంలో స్టార్లు, కిలోలు, రంగు అన్నీ అడుగుతారు. మోడల్ నంబరు రాసుకుని అక్కడినుంచే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, దీని బోర్డు ఎంత, డోర్ రబ్బరు ఎంత అని అడగండి. చెప్పకపోతే ఆ మోడల్ పక్కన పెట్టండి. బోర్డు ధర మెషీన్ ధరలో మూడో వంతు దాటితే నేనైతే కొనను. మీ ఊళ్లో ఎక్కువమంది కొనే మోడల్ అయితే రేపు లోకల్ సామాను దొరుకుతుంది, ఎవరి దగ్గరా లేని మోడల్ ముచ్చటపడి కొంటే సామానూ ఎవరి దగ్గరా ఉండదు. వెనకాల ఉన్న స్టిక్కర్ ఫోటో తీసి పెట్టుకోండి, రెండేళ్లకి అక్షరాలు చెరిగిపోతాయి, మోడల్ నంబరు లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. పార్టు మార్చినప్పుడు పాతది అడిగి తీసుకోండి. కరెంటు ఎగిరిపడే చోట స్టెబిలైజర్ పెట్టండి, అవసరం లేదని బాక్సు మీద రాసినా సరే.

హోస్ట్: సామాను లేదని తిప్పుతుంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. నేనూ అమ్మ మెషీన్ గురించి ఫిర్యాదు పెట్టాను. సామాను లేదనే మాట కాగితం మీద ఇమ్మని అడిగాను, ఇంకా ఇవ్వలేదు. ఇచ్చేదాకా వదలను.

బాబాయ్: ఆగాగు, ఆ సంచీ ఇలా ఇవ్వు. పొద్దున ఆటోనగర్‌లో తుక్కు కొట్టుకెళ్లాను. మీ అమ్మ మెషీనే, అదే మోడల్, మోటార్ కాలిపోయి తుక్కుకొచ్చింది. తలుపు రబ్బరు బాగుంది.

హోస్ట్: అయ్యో బాబాయ్, నిజంగా అదేనా?

బాబాయ్: నంబరు చూసే విప్పాను. 150 అడిగాడు, ఇచ్చాను. కింద మడతలో కొంచెం బూజుంది, రాత్రికి నానబెట్టి శుభ్రం చేస్తాను. ఆదివారం పొద్దున్నే వస్తానని అమ్మకి చెప్పు, ఆ మెషీన్ గోడకి ఆనించి ఉంది, కొంచెం ముందుకి లాగి పెట్టమను.