పుస్తకాన్ని గది కూడా చదువుతుంది

(బ్రెయిలీ దినోత్సవం నాడు, చూపులేని విద్యార్థుల కోసం ఇళ్ళలోనే పాఠ్యపుస్తకాలు రికార్డు చేసే స్వచ్ఛంద పాఠకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న పాఠకులకు, ముఖ్యంగా వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా పలకరించే ఆనవాయితీని ఈ ఒక్కపూటకీ మన్నించండి. ఇచ్చింది అరగంట, చెప్పాల్సింది చాలా ఉంది.

1809 జనవరి 4న పుట్టిన లూయీ బ్రెయిలీ ఆరు చుక్కలతో వేళ్ళకు చదువు నేర్పాడు. ఆ సంగతి నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. నాకిచ్చిన అంశం ‘గళ సాధన’. మీ గళాలకు ఏ లోటూ లేదు. లోటంతా మీరు కూర్చుని చదివే గదిలో ఉంది, అందుకే దాని గురించే మాట్లాడతాను.

మనది అజంత భాష. దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది. అచ్చుకు బలం ఎక్కువ, హల్లుకు తక్కువ. ‘మాట పడితే’ అని చదివారనుకోండి. ‘ట’లోని అకారం గదిలో సాగి సాగి వచ్చి ‘ప’ మీద పడుతుంది. మామూలు చదువులో సెకనుకు అయిదారు అక్షరాలు దొర్లుతాయి, అంటే అక్షరానికీ అక్షరానికీ మధ్య దాదాపు 0.2 సెకన్లు. శబ్దం 60 డెసిబెళ్ళు తగ్గడానికి 1.2 సెకన్లు పట్టే గదిలో, ఆ 0.2 సెకన్లలో మోత తగ్గేది 10 డెసిబెళ్ళే. అదే 0.3 సెకన్ల గదిలో 40 తగ్గుతుంది. మైకు నోటికి దగ్గరగా ఉంటే మోత మొదలయ్యే స్థాయే తక్కువగా ఉంటుంది, నిజమే. కానీ అది ఎంత త్వరగా చల్లారుతుందో తేల్చేది మాత్రం గదే. గణం, ఘనం రెండూ వచ్చే లెక్కల పుస్తకాన్ని రెట్టింపు వేగంతో వినే పిల్లవాడికి ఈ 30 డెసిబెళ్ళ తేడా ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. వాడికి పక్కన అచ్చు పుస్తకం లేదు, తిప్పి చూసుకోవడానికి.

ఒక్క పని చేయండి. అందరం ఒకేసారి, ఒక్క చప్పట. ఇప్పుడే. విన్నారా? చప్పట అయిపోయినా హాలు ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఇంటికెళ్ళి మీ గది మధ్యలో నిలబడి ఇలాగే కొట్టండి. ‘టర్ర్’మని లోహం మోగినట్టు వినిపిస్తే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని అర్థం. మన అపార్ట్‌మెంట్ పడగ్గది అంటే సిమెంటు పూత గోడలు, పైన శ్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్. శబ్దానికి ఆరు వైపులా అద్దాలే.

ఇక్కడ నా గోడు చెప్పుకోవాలి. గుడ్ల ట్రేలు! ఎన్ని వీడియోలు, ఎన్ని ఫోటోలు, గోడ నిండా గుడ్ల ట్రేలు! అది పల్చటి గుజ్జు కాగితం. బయటి హారన్‌ను ఆపడానికి దానికి బరువు లేదు. లోపలి మోతను పీల్చడానికి మందం లేదు. అట్టల సందుల్లో బొద్దింకలు చేరతాయి, నిప్పురవ్వ పడితే గోడంతా అంటుకుంటుంది. దాని పెద్దన్నయ్య ఆన్‌లైన్‌లో దొరికే అంగుళం మందం నల్ల ఫోమ్. అంగుళం ఫోమ్ పీల్చేది ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు వెయ్యి కంపనాలకు, పైనున్న శబ్దాన్నే. అంటే స, శ, త లాంటి హల్లుల పదును పోతుంది, 100–300 మధ్య ఉన్న గుంయ్‌కారం అలాగే మిగులుతుంది. డబ్బు పోసి గదిని కుండలా మార్చుకున్నట్టే. పైగా మామూలు పాలీయురెథేన్ ఫోమ్ మండితే విషపు పొగ వస్తుంది. పడగ్గదిలో గోడల నిండా దాన్ని అతికించకండి, దయచేసి.

రెండు పనులను కలిపేయకండి. బయటి చప్పుడును ఆపడం ఒకటి, లోపలి మోతను తగ్గించడం మరొకటి. మొదటిదానికి బరువు కావాలి, గాలి దూరని బిగువు కావాలి. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, కిటికీ రెక్కల చుట్టూ సీలు వేయాలి, మిగతాది రాత్రి పదకొండు తర్వాత చదువుకోవడమే. రెండోదానికి కావలసింది గాలి ఆడే మందమైన పీచు. ఒకదాని సరుకు రెండోదానికి పనికిరాదు.

ఈ రెండో పనిని లెక్కకు తెచ్చినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్ల దాకా మోగేది. ఆ యువ అధ్యాపకుడు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోసుకొచ్చి, ఒక ఆర్గాన్ గొట్టం, ఒక గడియారం, తన చెవి, వీటితో కొలిచాడు. ఎప్పుడు? అర్ధరాత్రి దాటాక, వీధిలో ట్రాములు ఆగాక. తెల్లారేసరికి మెత్తలన్నీ మళ్ళీ అక్కడికే చేర్చాలి. తన ఒంటి మీది బట్టలు కూడా శబ్దాన్ని పీలుస్తున్నాయని తెలిశాక, కొలిచిన ప్రతిసారీ అవే బట్టలు వేసుకున్నాడు. ఇంత ఓపికలోంచి పుట్టిన సూత్రంతోనే 1900లో బోస్టన్ సింఫనీ హాలు తెరుచుకుంది. మెత్తలు, రాత్రివేళ, ఒకసారికి ఒకే మార్పు: ఈ మూడూ మన పడగ్గదికి కూడా అక్షరాలా సరిపోతాయి.

సూత్రం చిన్నదే. మోత కాలం (శబ్దం 60 డెసిబెళ్ళు తగ్గడానికి పట్టే సమయం) అంటే గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం పీల్పుతో భాగించడం. పొడవు 12, వెడల్పు 10, ఎత్తు 10 అడుగుల గది దాదాపు 34 ఘనపు మీటర్లు. 0.3 సెకన్లు కావాలంటే 18 చదరపు మీటర్ల పూర్తి పీల్పు, అంటే తగిలిన శబ్దాన్నంతా మింగేసే ఉపరితలం, ఉండాలి. 0.4తో సరిపెట్టుకుంటే 13.7. రెండడుగులు నాలుగడుగుల పీచు నింపిన ప్యానెల్ ఒకటి 0.74 చదరపు మీటర్లు, అంటే పన్నెండు ప్యానెళ్ళకు సుమారు 9. మిగతాది ఇంట్లోనే ఉంది. మంచం మీది బూరుగు దూది పరుపు, తలుపులు తెరిచిపెట్టిన బట్టల బీరువా, మడతలు దండిగా ఉన్న మందపాటి తెర. పరుపును మంచం మీద ఉంచకండి. మీ వీపు వెనక నిలబెట్టండి, గోడకు జానెడు దూరంలో.

వీపు వెనకే ఎందుకంటారా? ముందువైపే ఎక్కువగా వినే కార్డియాయిడ్ మైకు మిమ్మల్ని చూస్తోంది. మీతో పాటు మీ వెనక గోడనూ వింటోంది. మైకు వెనకాల అర్ధచంద్రం ఫోమ్ షీల్డు పెట్టి నిశ్చింతగా ఉంటున్నారు చాలామంది. మైకు అటువైపు అసలే తక్కువ వింటుంది. మందం పెట్టాల్సింది మీ వెనక. మైకు నోటికి 20 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. గాజు బల్ల మీద పుస్తకం పెట్టుకోకండి. బల్ల 40 సెంటీమీటర్ల కింద ఉంటే అక్కడ తగిలి వచ్చే శబ్దం 62 సెంటీమీటర్లు ఎక్కువ నడిచి వస్తుంది. అప్పుడు 277, 830, 1380 హెర్ట్జ్‌ల దగ్గర గొంతులో గుంతలు పడతాయి, అంటే ఆ స్వరాలు తగ్గిపోతాయి. పుస్తకానికి వాలుగా ఉండే స్టాండు పెట్టుకోండి, బల్లను దూరంగా జరపండి.

ఇంకొక మాట, చెప్పకుండా ఉండలేను. బీరువా సైజు బూత్ కట్టకండి. మూడు నాలుగు అడుగుల పెట్టె సొంతంగా మోగేది 188, 141 హెర్ట్జ్‌ల దగ్గర, అదీ సరిగ్గా మగగొంతు అడుగు స్వరాలుండే చోట. పెద్ద గదే మేలు. అయితే పెద్ద గదికీ దాని సొంత స్వరాలుంటాయి. 12 అడుగుల పొడవుకు 47 హెర్ట్జ్, దాని రెట్టింపు 94. పదడుగుల వెడల్పుకు 56, 112. ఎత్తూ పదే కాబట్టి మళ్ళీ 56, 112. రెండూ ఒకచోటే పడటం వల్ల 112 దగ్గర గొంతు ఉబ్బుతుంది. సాబిన్ సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే చిన్న గదిలో కింది స్వరాలు సమంగా పరుచుకోవు. అందుకే కొలవాలి.

కొలతకు ఏం కావాలి? క్యాలిబ్రేషన్ ఫైలుతో వచ్చే యూఎస్‌బీ కొలత మైకు ఒకటి, యూమిక్-1 లాంటిది. ఒక స్పీకరు. కొలతను గ్రాఫుగా గీసి చూపే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ఫోన్ యాప్‌ను నమ్మకండి, కింది స్వరాల దగ్గర దాని మైకు సరిగా చెప్పదు. స్పీకరును నేల మీద, గది మూలలో పెట్టండి, అక్కడైతే గది స్వరాలన్నీ మేల్కొంటాయి. కొలత మైకు మీ రికార్డింగ్ మైకు ఉండే చోటే ఉండాలి. స్టాండు కాళ్ళ చుట్టూ నేల మీద టేపు అతికించండి, రేపు మళ్ళీ అక్కడే పెట్టాలి. ఫ్యాన్ ఆపండి. అది చేసే చప్పుడు ఒక ఎత్తు, తిరిగే రెక్కలకు తగిలిన శబ్దం క్షణానికొక రకంగా తిరిగొచ్చి స్వీప్‌ను, అంటే కొలత కోసం స్పీకరు కింది స్వరం నుంచి పై స్వరం దాకా వినిపించే శబ్దాన్ని, పాడుచేయడం ఇంకో ఎత్తు. ఏసీ, ఫ్రిజ్ కూడా ఆపండి. విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ తీసేయండి, లేదంటే కంప్యూటర్ తన తెలివినంతా కొలతలో కలిపేస్తుంది. స్థాయి 75 నుంచి 80 డెసిబెళ్ళు, స్వీప్ 20 నుంచి 20,000 హెర్ట్జ్. స్పీకరు చిన్నదైతే 60, 70 హెర్ట్జ్‌కు కింద కనిపించే గీత గదిది కాదు, స్పీకరుది. దాన్ని పట్టించుకోకండి.

గ్రాఫును 1/3 ఆక్టేవ్‌కు (ఆక్టేవ్ అంటే ఒక స్వరం నుంచి దాని రెట్టింపు దాకా ఉన్న దూరం) నున్నగా చేసి ‘మా గది భేష్’ అనుకోవద్దు. 300 హెర్ట్జ్ దాకా 1/24కు మించి నునుపు వద్దు. ఆ తర్వాత వాటర్‌ఫాల్, అంటే ఏ స్వరం ఎంతసేపట్లో తగ్గుతోందో చూపే గ్రాఫు, చూడండి. 112 దగ్గర కొండ ఎంతసేపటికి కరుగుతోంది, అదే అసలు ప్రశ్న. 250 నుంచి 4000 హెర్ట్జ్ దాకా టీ20 అంకెలు (20 డెసిబెళ్ళ తగ్గుదలను బట్టి లెక్కగట్టిన మోత కాలం) దగ్గరదగ్గరగా ఉండాలి. 2000 దగ్గర 0.15, 250 దగ్గర 0.6 సెకన్లు వస్తే, అది ఫోమ్ గది. గుంత కనిపించిందని ఈక్వలైజర్‌తో పైకి లేపకండి. మీరెంత పెంచితే ఎదురొచ్చి చంపే ప్రతిఫలనమూ అంతే పెరుగుతుంది.

ప్యానెల్ సంగతి. నాలుగంగుళాల లోతు చెక్క చట్రం, అందులో ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ (రాతి పీచు), 50 మిల్లీమీటర్ల స్లాబులు రెండు. రాక్‌వూల్ బరువు 3.6 కిలోలే, చట్రంతో కలిపినా రెండు కొక్కేలకు ఆగుతుంది. ముందు పల్చటి నాన్‌వోవెన్ గుడ్డ, పైన నూలు గుడ్డ. గుడ్డకు నోరు ఆనించి ఊదండి, ఊపిరి అవతలికి సులువుగా పోతేనే శబ్దం పోతుంది. రెగ్జిన్ వద్దు. కోసేటప్పుడు చేతి తొడుగులు, ఎన్95 మాస్కు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గోడకు అంటించకండి. చెక్క ముక్కలు అడ్డుపెట్టి నాలుగంగుళాలు ఖాళీ వదలండి. దానివల్ల పీల్పు కింది స్వరాల దాకా దిగుతుంది, వానాకాలం గోడ చెమ్మ పట్టినా వెనక గాలి ఆడుతుంది. పన్నెండింటిలో నాలుగింటిని రెండు మూలల్లో, కింద నుంచి ఒకదాని మీద ఒకటిగా, ఏటవాలుగా నిలబెట్టండి. 112 కొండ కరిగేది అక్కడే. డబ్బు నాలుగింటికే ఉంటే, ఆ మూలలతోనే మొదలుపెట్టండి.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. కిటికీల సంగతి వదిలేస్తున్నాను, ఇది మాత్రం రాసుకోండి. మొదటి స్వీప్ ఖాళీ గదిలో, రెండోది పరుపు నిలబెట్టాక. ఒకసారికి ఒక్క మార్పే. రెండు ఫైళ్ళూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తదుపరి సమావేశానికి తీసుకురండి. గది పొడవు, వెడల్పు, ఎత్తు అంగుళాలతో సహా ఒక కాగితం మీద రాసి తెండి. అవి లేకపోతే గ్రాఫులో ఏ ఉబ్బు ఏ గోడదో చెప్పలేం.