వర్చువల్ మెషీన్ల రిమోట్ డెస్క్‌టాప్: తాళం ఏ తలుపుకు వేస్తున్నాం?

నమస్కారం. ఒకే సర్వర్‌పై పది వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్ సృష్టించే కంప్యూటర్లు) నడుస్తున్నాయనీ, వాటిని పదిహేను మంది వాడుకుంటున్నారనీ అనుకుందాం. ఎవరు ఏ మెషీన్ తెరను తెరవవచ్చో, ఎవరు తెరవకూడదో ఎక్కడ నిర్ణయించాలి? వర్చువల్ మెషీన్లను నడిపే వర్చువల్‌బాక్స్, ప్రాక్స్‌మాక్స్, హైపర్-వి, వాటి తెరలను బ్రౌజర్‌లో చూపే గ్వాకమోలే ఈ ప్రశ్నకు ఇచ్చే సమాధానాలను ఈ వీడియోలో సమీక్షిస్తున్నాను. వేగం, చిత్ర నాణ్యత వంటి అంశాల జోలికి ఈసారి వెళ్లడం లేదు.

ముందుగా ఒక తేడాను గమనించాలి. వర్చువల్ మెషీన్ తెరను చేరడానికి రెండు దారులున్నాయి. మొదటిది గెస్ట్ (వర్చువల్ మెషీన్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్) లోపల నడిచే రిమోట్ డెస్క్‌టాప్ సేవ. విండోస్‌లో 3389 పోర్ట్‌పై ఉండేది ఇదే. రెండవది హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్) స్వయంగా చూపించే కన్సోల్. ఇందులో గెస్ట్‌కు నెట్‌వర్క్ లేకపోయినా, ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా మొదలవకపోయినా తెర కనిపిస్తుంది, ఎందుకంటే ఇది ఆ మెషీన్‌కు తగిలించిన మానిటరూ కీబోర్డూ లాంటిది. మొదటి దారికి గట్టి పాస్‌వర్డ్ పెట్టి, రెండవదాన్ని బార్లా వదిలేసిన సర్వర్లు నాకు తరచుగా కనిపిస్తాయి.

ఇప్పుడు తెరపై చూడండి. మొదటి యూజర్ కన్సోల్ ద్వారా గెస్ట్‌లోకి లాగిన్ అయ్యాడు. లాగౌట్ చేయకుండా బ్రౌజర్ ట్యాబ్‌ను మూసేశాడు. రెండవ యూజర్ అదే కన్సోల్‌ను తెరిచాడు. అతనికి లాగిన్ తెర రాలేదు. మొదటి యూజర్ డెస్క్‌టాప్, తెరిచి ఉంచిన ఫైళ్లతో సహా, యథాతథంగా కనిపిస్తోంది. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, మానిటర్ కేబుల్ పీకినంత మాత్రాన ఎవరూ లాగౌట్ అవరు కదా. అందువల్ల కన్సోల్‌ను ఒకరి కంటే ఎక్కువ మందికి ఇచ్చే చోట, కొద్ది నిమిషాలు కదలిక లేకపోతే తెర దానంతట అదే లాక్ అయ్యేలా గెస్ట్‌లోనే ఏర్పాటు చేయడం తప్పనిసరి.

వర్చువల్‌బాక్స్ విషయానికి వస్తే, దాని రిమోట్ తెర సౌకర్యం ఎక్స్‌టెన్షన్ ప్యాక్‌తో వస్తుంది. ఆథెంటికేషన్‌కు, అంటే వచ్చినవారెవరో సరిచూడడానికి, నల్, ఎక్స్‌టర్నల్, గెస్ట్ అనే మూడు పద్ధతులున్నాయి. మనం ఏదీ మార్చకపోతే నల్ అమల్లో ఉంటుంది, అంటే ఆ రిమోట్ తెర పోర్ట్‌ను చేరగలిగిన ఎవరినైనా పేరు కూడా అడగకుండా లోపలికి పంపుతుంది. ఈ డిఫాల్ట్‌ను నేను సమర్థించలేను. ఎక్స్‌టర్నల్ పద్ధతి హోస్ట్ (వర్చువల్ మెషీన్లు నడిచే అసలు కంప్యూటర్) యూజర్ ఖాతాలను సరిచూస్తుంది. లైనక్స్ హోస్ట్‌లో ఈ పని పామ్ (లైనక్స్‌లో లాగిన్లను సరిచూసే వ్యవస్థ) ద్వారా జరుగుతుంది. అయితే సరిచూసేది ఆ వ్యక్తికి హోస్ట్‌లో ఖాతా ఉందా అన్నదాన్నే తప్ప, అతనికి ఈ మెషీన్‌తో పని ఉందా అన్నదాన్ని కాదు. ఒక్కో మెషీన్‌కు వేర్వేరు యూజర్లు కావాలంటే ఆథెంటికేషన్ లైబ్రరీగా వీబాక్స్‌ఆత్‌సింపుల్‌ను ఎంచుకుని, ప్రతి మెషీన్ సెట్టింగులలో యూజర్ పేరునూ పాస్‌వర్డ్ హ్యాష్‌నూ (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టిన గుర్తు) కమాండ్ లైన్‌లో నమోదు చేయాలి. ఇద్దరు ముగ్గురికైతే పరవాలేదు, పదిహేను మందికి మాత్రం ఇది నిలబడే పద్ధతి కాదు.

ప్రాక్స్‌మాక్స్‌లో అనుమతుల వ్యవస్థ నాలుగింటిలోనూ ఎక్కువ ఆలోచించి కట్టినదిగా నాకు అనిపించింది. ఇక్కడ యూజర్‌కు లేదా గ్రూపుకు, ఫలానా మెషీన్‌పై లేదా మెషీన్ల పూల్‌పై, ఒక రోల్ (హక్కుల కట్ట) ఇస్తాం. కన్సోల్ తెరిచే హక్కు వీఎం.కన్సోల్ అనే విడి ప్రివిలేజ్. ఇంత బాగున్నా, చాలామంది అడ్మిన్లు ఆలోచించకుండా ఇచ్చే పీవీఈవీఎంయూజర్ అనే సిద్ధంగా ఉన్న రోల్‌లో కన్సోల్‌తో పాటు మెషీన్‌ను ఆపి మళ్లీ నడిపే హక్కూ, సీడీ డ్రైవ్ మార్చే హక్కూ కలిసి ఉంటాయి. వీటికి ఐఎస్ఓ ఫైళ్లున్న (సీడీల ప్రతిరూపాలున్న) స్టోరేజ్‌పై అనుమతి కూడా తోడైతే, ఆ యూజర్ మరమ్మతుకు వాడే రెస్క్యూ ఐఎస్ఓ తగిలించి, బూట్ మెనూ ద్వారా దాని నుంచి మెషీన్‌ను లేపి, గెస్ట్ అడ్మిన్ పాస్‌వర్డ్‌నే మార్చుకోగలడు; డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే తప్ప అతన్ని ఆపేది ఏదీ ఉండదు. అందుకే నేను వీఎం.ఆడిట్ (మెషీన్ వివరాలు చూసే హక్కు), వీఎం.కన్సోల్ మాత్రమే ఉన్న సొంత రోల్‌ను తయారు చేసుకుని, దాన్నే యూజర్లకు ఇస్తున్నాను. తయారీకి పట్టేది రెండు నిమిషాలు.

హైపర్-వి గురించి చెప్పవలసింది తక్కువ. హైపర్-వి అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో చేర్చిన వారికి అన్ని మెషీన్లూ దక్కుతాయి కనుక, సాధారణ యూజర్‌ను అందులో చేర్చకూడదు. గ్రాంట్-వీఎంకనెక్ట్‌యాక్సెస్ అనే పవర్‌షెల్ కమాండ్‌తో ఒక్క మెషీన్ కన్సోల్‌ను మాత్రమే అతనికి ఇవ్వవచ్చు.

గెస్ట్ లోపలి దారికి విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపు ఉంది. రిమోట్ డెస్క్‌టాప్ లాగిన్‌ను నిషేధించే నిరాకరణ విధానంలో కూడా అదే వ్యక్తి పేరు ఉంటే, అనుమతి కంటే నిరాకరణే నెగ్గుతుంది. అన్నీ సరిగ్గా ఉన్నా యూజర్ ఎందుకు లోపలికి రాలేకపోతున్నాడో తెలియక తల పట్టుకునే సందర్భాలకు ఇది ఒక కారణం. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్‌ను (డెస్క్‌టాప్ చూపకముందే ఖాతాను సరిచూసే ఏర్పాటు) ఆపివేయకండి. 2019లో బయటపడిన బ్లూకీప్ లోపం లాగిన్ కాకుండానే పాత విండోస్ మెషీన్లపై దాడికి వీలు కల్పించింది. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఉన్న చోట దాడి చేసేవాడికి ముందు సరైన ఖాతా అవసరమయ్యేది.

చివరిది అపాచీ గ్వాకమోలే. ఇది హైపర్‌వైజర్ కాదు, బ్రౌజర్‌కూ మెషీన్లకూ మధ్య నిలబడే గేట్‌వే. ఏ యూజర్‌కు ఏ కనెక్షన్ కనిపించాలో, రోజులో ఏ వేళల్లో లాగిన్ కావచ్చో, కాపీ పేస్ట్ పనిచేయాలో వద్దో ఇక్కడ నిర్ణయించవచ్చు. మెషీన్ పాస్‌వర్డ్ యూజర్‌కు చెప్పవలసిన అవసరం కూడా ఉండదు. అయితే అందరి కనెక్షన్లలోనూ ఒకే గెస్ట్ ఖాతాను నింపితే, గెస్ట్ లాగ్‌లలో పదిహేను మందీ ఒక్కరిగానే నమోదవుతారు, కనుక ఎవరి ఖాతా వారికి ఉంచడమే నయం. గెస్ట్ ఫైర్‌వాల్‌లో 3389 పోర్ట్‌ను గ్వాకమోలే సర్వర్‌కు మాత్రమే తెరిచి ఉంచకపోతే, పాస్‌వర్డ్ తెలిసినవారు గేట్‌ను పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోతారు.

అనుమతి ఇచ్చే తీరుతో పాటు దాన్ని తీసేసే తీరును కూడా నేను పరీక్షించాను. విండోస్‌లో యూజర్‌ను రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపు నుంచి తొలగించినా, అప్పటికే నడుస్తున్న అతని సెషన్ ఆగలేదు. దాన్ని విడిగా లాగాఫ్ చేయవలసి వచ్చింది. గ్వాకమోలేలో నడుస్తున్న సెషన్ల జాబితా అడ్మిన్‌కు కనిపిస్తుంది, అక్కడి నుంచే సెషన్‌ను తెంచవచ్చు. ముందు ఖాతాను నిలిపివేసి, ఆ తర్వాతే సెషన్‌ను తెంచండి. వరుస తప్పితే, మీరు ఖాతా పేజీకి చేరేలోపు అతను మళ్లీ లోపలికి వచ్చేస్తాడు.